అప్‌డేట్ తర్వాత ఫోన్ మొరాయిస్తే... ‘ఫార్మాట్ కొట్టే’ ముందు తెలుసుకోవాల్సిన విషయాలు

2018 ఫిబ్రవరిలో ఒకే ఒక్క తెలుగు అక్షరం ప్రపంచవ్యాప్తంగా ఐఫోన్లను ముప్పుతిప్పలు పెట్టింది. ‘జ్ఞా’ అనే అక్షరాన్ని మధ్యలో కంటికి కనిపించని ఓ యూనికోడ్ గుర్తుతో కలిపి పంపితే, దాన్ని తెరపై గీయడం ఐఓఎస్ 11.2.5కు చేతకాలేదు. ఆ సందేశం తెరిచిన యాప్ మూతపడేది. నోటిఫికేషన్‌గా వస్తే ఏకంగా హోమ్ స్క్రీనే పడిపోయి, లేచి, మళ్లీ పడిపోయేది. తెలుగు ఒక్క ముక్క రానివాళ్లు కూడా ఆ అక్షరాన్ని కాపీ చేసి ఒకరికొకరు పంపుకున్నారు. ఫిబ్రవరి 19న యాపిల్ 11.2.6 విడుదల చేశాక ఆ గొడవ సద్దుమణిగింది.

ఆ రోజుల్లో ఎవరైనా ఫోన్ మొత్తం చెరిపేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టి ఉంటే ఏమయ్యేది? ఆ అక్షరం మరోసారి వస్తే మళ్లీ అదే కథ. ఎందుకంటే లోపం ఉన్నది సాఫ్ట్‌వేర్‌లో, చెరిపేశాక తిరిగి వచ్చేదీ అదే సాఫ్ట్‌వేర్.

ఫ్యాక్టరీ రీసెట్ చేస్తే ఫోన్ కొన్ననాటి వెర్షన్ వస్తుందని చాలామంది నమ్మకం. రాదు. ఆండ్రాయిడ్ 12తో కొన్న ఫోన్ 15కు అప్‌డేట్ అయి ఉంటే, రీసెట్ తర్వాత కూడా 15తోనే తెరుచుకుంటుంది. పోయేది ఫొటోలు, చాట్లు, యాప్‌లు, లాగిన్లు. అయినా అప్‌డేట్ తర్వాత ఏ చిన్న తేడా వచ్చినా స్నేహితుల నుంచి రిపేరు షాపు దాకా మొదట వినిపించే సలహా ‘ఒకసారి ఫార్మాట్ కొట్టు, సెట్ అయిపోతుంది’ అనే. కొన్ని సమస్యలకు అది నిజంగానే మందు. కానీ ఆ మందు వేసుకునే వంతు చాలా ఆలస్యంగా వస్తుంది. అంతకన్నా ముందు చూడాల్సినవి చాలా ఉన్నాయి.

మొదటి రెండు మూడు రోజులు

పెద్ద అప్‌డేట్ పూర్తయి హోమ్ స్క్రీన్ కనిపించగానే పని అయిపోయినట్టు కాదు. ఆండ్రాయిడ్‌లో ప్రతి యాప్‌ను కొత్త వెర్షన్‌కు తగ్గట్టు లోలోపల మళ్లీ సిద్ధం చేసుకునే ప్రక్రియ ఒకటి నడుస్తుంది. ఐఫోన్‌లో ఫొటోలు, సందేశాలు, ఫైళ్లను మళ్లీ సూచికలోకి ఎక్కించే పని ఉంటుంది. ఇవన్నీ వెనకాల జరుగుతుంటే ఫోన్ వేడెక్కుతుంది, చార్జింగ్ త్వరగా దిగిపోతుంది, యాప్‌లు తెరుచుకోవడానికి తడబడతాయి. గ్యాలరీలో వేల ఫొటోలున్న ఫోన్లలో ఇది ఇంకాస్త ఎక్కువ.

ఈ పనిలో చాలా భాగం ఫోన్ చార్జింగ్‌లో ఉండి, ఎవరూ వాడనప్పుడు జరిగేలా ఏర్పాటు చేశారు. కాబట్టి ఒకటి రెండు రాత్రులు వైఫై ఆన్ చేసి, చార్జర్‌కు తగిలించి వదిలేయడం అన్నిటికన్నా సులువైన చికిత్స. పగలంతా చేతిలో పట్టుకుని, రాత్రి పడుకునే ముందు చార్జర్ తీసేసే అలవాటున్నవాళ్లకు ఈ ఇబ్బంది రోజుల తరబడి సాగవచ్చు. ఈలోగా చేయదగినవి రెండు. ఫోన్‌ను ఒకసారి మామూలుగా రీస్టార్ట్ చేయాలి. ప్లే స్టోర్ లేదా యాప్ స్టోర్‌లో పెండింగ్‌లో ఉన్న యాప్ అప్‌డేట్లన్నీ పూర్తి చేయాలి. పాత యాప్, కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ కలిసినప్పుడే సగం తగాదాలు వస్తాయి.

స్టోరేజీ కూడా ఓ కన్నేసి చూడాలి. మెమరీ నిండా ఉన్న ఫోన్‌లో అప్‌డేట్ ఎక్కినా, ఆ తర్వాత ఊపిరాడదు. వాట్సాప్‌లో ఏళ్ల తరబడి పేరుకున్న గుడ్ మార్నింగ్ వీడియోలు తొలగించడంతోనే తేలికపడిన ఫోన్లు ఎన్నో.

వారం దాటాక కూడా బ్యాటరీ అలాగే దిగిపోతుంటే అప్పుడు సెట్టింగ్స్‌లోని బ్యాటరీ విభాగంలో ఏ యాప్ ఎంత వాడుతోందో చూడాలి. అక్కడ ఒక యాప్ పేరు అసహజంగా పైన కనిపిస్తే దొంగ దొరికినట్టే.

తప్పు ఎవరిది?

ఫోన్ పాడైందనుకున్నప్పుడు ముందు తేల్చుకోవాల్సింది ఇదే. సమస్య ఫోన్‌దా, ఒక యాప్‌దా, నెట్‌వర్క్‌దా అన్నది తేలితే చికిత్స సగం అయిపోయినట్టు.

2021 మార్చిలో ఒకరోజు ఉన్నట్టుండి లక్షల మంది ఆండ్రాయిడ్ ఫోన్లలో జీమెయిల్ సహా అనేక యాప్‌లు తెరవగానే మూతపడటం మొదలైంది. ఫోన్ కంపెనీతో సంబంధం లేదు, ఏ మోడల్ అయినా అదే తీరు. కారణం ‘ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ’ అనే చిన్న భాగం. యాప్‌ల లోపల వెబ్ పేజీలు చూపించేది అదే. దానికి గూగుల్ పంపిన అప్‌డేట్‌లోనే లోపముంది. వెబ్‌వ్యూ, క్రోమ్‌లకు సరిచేసిన వెర్షన్లు ఎక్కించుకోగానే అంతా మామూలైంది. ఆ రోజు ఫోన్ రీసెట్ చేసినవాళ్లు డేటా వృథాగా పోగొట్టుకున్నారు.

ఒక్క యాప్ మాత్రమే సతాయిస్తుంటే ముందు దాన్ని బలవంతంగా ఆపాలి, తర్వాత దాని క్యాషే తుడిచేయాలి. అప్పటికీ లొంగకపోతే తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలి. ఇక్కడ పక్కపక్కనే కనిపించే రెండు బటన్లకు మధ్య తేడా గుర్తుపెట్టుకోవాలి. ‘క్లియర్ క్యాషే’ నొక్కితే తాత్కాలిక ఫైళ్లే పోతాయి. ‘క్లియర్ డేటా’ లేదా ‘క్లియర్ స్టోరేజ్’ నొక్కితే ఆ యాప్‌లోని లాగిన్, సెట్టింగులు, కొన్నిసార్లు లోపల దాచుకున్నవన్నీ పోతాయి.

ఏ యాప్ వల్లో తెలియకపోతే సేఫ్ మోడ్ ఉంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో పవర్ మెనూలోని ‘పవర్ ఆఫ్’ గుర్తును కాసేపు నొక్కి పట్టుకుంటే ఈ ఎంపిక వస్తుంది. అందులో ఫోన్‌తో వచ్చినవి తప్ప, తర్వాత ఎక్కించుకున్న యాప్‌లేవీ పనిచేయవు. సేఫ్ మోడ్‌లో ఫోన్ బుద్ధిగా నడిస్తే తప్పు మీరు ఎక్కించుకున్న యాప్‌లలో ఒకదానిది. ఇటీవల చేర్చుకున్నవాటిని ఒక్కొక్కటిగా తీసేస్తూ పోవాలి. లాంచర్లు, థీమ్ యాప్‌లు, ‘క్లీనర్’లు, కాల్ రికార్డర్ల మీద ముందు అనుమానపడటం మంచిది. ఐఫోన్‌లో ఇలాంటి సేఫ్ మోడ్ వినియోగదారులకు అందుబాటులో లేదు.

‘రికవరీలోకి వెళ్లి వైప్ క్యాషే పార్టిషన్ చేయాలి’ అన్న సలహా యూట్యూబ్ వీడియోలన్నిటిలో కనిపిస్తుంది. చాలా శాంసంగ్ ఫోన్లలో ఆ ఎంపిక ఉంటుంది, దానివల్ల డేటాకు నష్టం లేదు. పిక్సెల్ వంటి ఫోన్లలో అసలు అది ఉండదు. లేని మెనూ కోసం వెతుకుతూ పక్కనున్న ‘వైప్ డేటా’ నొక్కేసేవాళ్లూ ఉన్నారు. మెనూలో ఏం రాసి ఉందో రెండుసార్లు చదివాకే నొక్కాలి.

సిగ్నల్ ఉంది, కాల్ వెళ్లదు

అప్‌డేట్ తర్వాత కాల్స్ వెళ్లడం లేదన్న ఫిర్యాదుకు భారత్‌లో ఓ ప్రత్యేక కారణం ఉంది. జియోకు 2జీ, 3జీ నెట్‌వర్కులు లేవు. ఆ సిమ్‌లో మాట కూడా 4జీ లేదా 5జీ మీదే వెళ్లాలి. అందుకు ఫోన్‌లో వోల్టీ పనిచేస్తూ ఉండాలి. ఏ కారణం చేతైనా ఆ సెట్టింగ్ ఆఫ్ అయితే తెరపై సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తూనే కాల్ మాత్రం వెళ్లదు. ఎయిర్‌టెల్ వంటి నెట్‌వర్కుల్లో అయితే ఫోన్ 2జీకి దిగి కాల్ కలుపుతుంది, తేడా అంతగా తెలియదు. కాబట్టి జియో సిమ్ ఉన్న ఫోన్‌లో కాల్స్ ఆగిపోతే మొదట చూడాల్సింది మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో వోల్టీ బటన్‌నే.

నెట్ రాకపోతే ఏపీఎన్ చూడాలి. జియోకు ‘జియోనెట్’, బీఎస్‌ఎన్‌ఎల్‌కు ‘బీఎస్‌ఎన్‌ఎల్‌నెట్’ అనే పేర్లు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో ఉండాలి. ఏరోప్లేన్ మోడ్ ఆన్ చేసి అర నిమిషం తర్వాత ఆఫ్ చేయడం, సిమ్ తీసి మళ్లీ పెట్టడం, రెండో ఫోన్‌లో అదే సిమ్ పెట్టి చూడటం... ఈ మూడింటితో తప్పు ఫోన్‌దో, టవర్‌దో తేలిపోతుంది. ఏదీ పనిచేయకపోతే ‘రీసెట్ నెట్‌వర్క్ సెట్టింగ్స్’ వాడాలి. పేరులో రీసెట్ ఉన్నా ఇది ఫొటోలను, యాప్‌లను ముట్టుకోదు. వైఫై పాస్‌వర్డులు, బ్లూటూత్ జతలు మాత్రం మళ్లీ పెట్టుకోవాలి. ఈ-సిమ్ వాడేవాళ్లు ఒక్క క్షణం ఆగాలి. కొన్ని ఫోన్లలో ఇదే మెనూలో ‘ఈ-సిమ్ తొలగించు’ అన్న ఎంపిక కూడా ఉంటుంది. దానికి టిక్ పడితే ఆపరేటర్ దగ్గర మళ్లీ ఈ-సిమ్ తీసుకోవాల్సిందే.

వాట్సాప్ సందేశాలు యాప్ తెరిస్తేనే వస్తున్నాయంటే అది చాలావరకు బ్యాటరీ పొదుపు సెట్టింగ్ పని. షావోమీ, రియల్‌మీ, వివో, ఒప్పో ఫోన్లు వెనకాల నడిచే యాప్‌లను గట్టిగా నొక్కేస్తాయి. వినియోగదారుడు ఇచ్చిన ‘ఆటోస్టార్ట్’ అనుమతులు అప్‌డేట్ తర్వాత మారిపోయి ఉండవచ్చు. అవి మళ్లీ ఇస్తే సరిపోతుంది. వేలిముద్ర సరిగా తీసుకోకపోతే పాతది తీసేసి కొత్తగా నమోదు చేసుకోవాలి. కారు, ఇయర్‌బడ్స్ కలవకపోతే జత తొలగించి మళ్లీ కలపాలి. బ్యాంకు యాప్ తెరుచుకోకపోతే డెవలపర్ ఆప్షన్స్ ఆన్‌లో ఉందేమో చూడాలి. అది ఆన్‌లో ఉంటే పనిచేయని బ్యాంకు యాప్‌లు మన దగ్గర చాలానే ఉన్నాయి.

లోగో దగ్గరే ఆగిపోతే

అసలు భయం ఇక్కడ. ఫోన్ ఆన్ అవుతుంది, కంపెనీ పేరు కనిపిస్తుంది, మళ్లీ ఆరిపోతుంది, మళ్లీ ఆన్ అవుతుంది. లోపల రెండేళ్ల పాప ఫొటోలు, చనిపోయిన తండ్రి గొంతుతో వాయిస్ మెసేజ్‌లు ఉన్న ఫోన్ ఇలా తిరుగుతుంటే ఎవరికైనా చేతులు ఆడవు. సరిగ్గా ఈ కంగారులోనే తిరిగి రాని నష్టం జరుగుతుంది.

ముందు బలవంతపు రీస్టార్ట్ చేసి చూడాలి. ఐఫోన్ 8, ఆ తర్వాతి మోడళ్లలో వాల్యూమ్ పెంచే బటన్ నొక్కి వదిలి, తగ్గించే బటన్ నొక్కి వదిలి, పక్కనున్న బటన్‌ను యాపిల్ గుర్తు వచ్చేదాకా పట్టుకోవాలి. శాంసంగ్‌లో వాల్యూమ్ తగ్గించే బటన్, పవర్ బటన్ కలిపి పది సెకన్లపాటు నొక్కి ఉంచాలి. దీనివల్ల డేటా పోదు.

ఐఫోన్ అప్పటికీ లేవకపోతే రికవరీ మోడ్‌లో పెట్టి కంప్యూటర్‌కు కలపాలి. అప్పుడు తెరపై ‘అప్‌డేట్’, ‘రీస్టోర్’ అనే రెండు బటన్లు వస్తాయి. ‘అప్‌డేట్’ నొక్కితే డేటా చెరపకుండా సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ ఎక్కించే ప్రయత్నం చేస్తుంది. ‘రీస్టోర్’ నొక్కితే అంతా తుడిచేస్తుంది. ‘రీస్టోర్’ అంటే పోయినవి తిరిగి రావడమని అర్థం చేసుకుని దాన్నే నొక్కే ప్రమాదం ఉంది. యాపిల్ ఆ పేరు పెట్టడం అంత మంచి ఆలోచన కాదనే చెప్పాలి.

ఆండ్రాయిడ్‌లో 2016 నుంచి, అంటే వెర్షన్ 7 నుంచి, ఓ జాగ్రత్త ఏర్పాటు ఉంది. సాఫ్ట్‌వేర్‌కు ఫోన్‌లో రెండు గదులుంటాయి. ఒకదాంట్లో పాతది నడుస్తుండగా రెండోదాంట్లో కొత్తది ఎక్కుతుంది. కొత్తది లేవకపోతే ఫోన్ తనంతట తాను పాతదానికి వెళ్లిపోవాలి. ఈ ఏర్పాటు అన్ని కంపెనీలూ వెంటనే తీసుకోలేదు. శాంసంగ్ అయితే చాలా ఏళ్లు దూరంగానే ఉంది. తీసుకున్నచోట కూడా అది ప్రతిసారీ కాపాడలేదు. 2020 చివర్లో షావోమీ ఎంఐ ఏ3 ఫోన్లకు ఆండ్రాయిడ్ 11 అప్‌డేట్ వచ్చినప్పుడు చాలా ఫోన్లు పూర్తిగా చచ్చుబడ్డాయి. కంపెనీ ఆ అప్‌డేట్ నిలిపేసి, వారంటీ ఉన్నా లేకున్నా సర్వీస్ సెంటర్లలో ఉచితంగా బాగుచేస్తామని భారత్‌లో ప్రకటించింది.

2024 అక్టోబర్‌లో శాంసంగ్ గెలాక్సీ ఎస్10, నోట్ 10 వంటి పాత ఫోన్లు లోగో దగ్గర తిరగడం మొదలుపెట్టాయి. విచిత్రమేమంటే అది ఆపరేటింగ్ సిస్టమ్ అప్‌డేట్ కాదు. ‘స్మార్ట్‌థింగ్స్ ఫ్రేమ్‌వర్క్’ అనే, చాలామంది పేరు కూడా వినని ఓ అంతర్గత యాప్‌కు వచ్చిన చిన్న అప్‌డేట్. రీసెట్ చేసుకోవాల్సి వచ్చి పలువురు డేటా పోగొట్టుకున్నారు.

ఓపిక పట్టినవాళ్లకు మేలు జరిగిన సందర్భమూ ఉంది. 2023 అక్టోబర్‌లో ఆండ్రాయిడ్ 14 వచ్చాక, ఒకే ఫోన్‌లో ఒకరికన్నా ఎక్కువ యూజర్ ప్రొఫైళ్లు పెట్టుకున్న పిక్సెల్ వినియోగదారులకు తమ స్టోరేజీ తమకే తెరుచుకోకుండా పోయింది. నవంబర్ అప్‌డేట్‌లో గూగుల్ దాన్ని సరిచేసింది. ఫోన్ ఆన్ అవుతూ, స్టోరేజీ మాత్రమే అందకుండా పోయినవాళ్లకు రీసెట్ లేకుండానే ఫైళ్లు తిరిగొచ్చాయి. లోగో దగ్గరే తిరుగుతున్న ఫోన్లన్నిటికీ ఆ భాగ్యం దక్కలేదు. మధ్యలో తొందరపడి చెరిపేసినవాళ్లకు తిరిగి రావడానికి ఏమీ మిగలలేదు.

అందుకే ఒకేసారి చాలామందికి ఒకే సమస్య వచ్చిందా అన్నది వెతికి చూడటం ముఖ్యం. ఒకే మోడల్, ఒకే రోజు, ఒకే లక్షణం అయితే కంపెనీ నుంచి పరిష్కారం వచ్చే అవకాశం ఎక్కువ. ఆ నాలుగు రోజులు పాత ఫోన్ ఏదైనా వాడుకుని ఆగడం మంచిది.

రీసెట్ చేస్తే పోయేవేమిటి?

ఒకప్పుడు ఫార్మాట్ చేసిన మెమరీ కార్డులోంచి ఫొటోలు వెలికితీసేవారు. ఇప్పటి ఫోన్లకు ఆ లెక్క వర్తించదు. లోపలి సమాచారమంతా తాళం వేసిన రూపంలో ఉంటుంది. రీసెట్ చేసినప్పుడు ఆ తాళంచెవే నాశనమవుతుంది. హైదరాబాద్ అబిడ్స్‌లోని జగదీష్ మార్కెట్ అయినా, దిల్లీ గఫార్ మార్కెట్ అయినా రీసెట్ తర్వాత ఫోన్ లోపలి మెమరీ నుంచి ‘రికవరీ చేసిస్తాం’ అని ఎవరైనా డబ్బులడిగితే నమ్మకపోవడమే మేలు. మదర్‌బోర్డు మార్చినా అంతే, పాత డేటా పాత బోర్డుతోనే పోతుంది.

వాట్సాప్ చాట్లు తిరిగి రావాలంటే రెండు కలవాలి. అదే ఫోన్ నంబర్, బ్యాకప్ తీసిన అదే గూగుల్ ఖాతా. బ్యాకప్ చివరిసారి ఎప్పుడు జరిగిందో వాట్సాప్ సెట్టింగ్స్‌లోని చాట్స్ విభాగంలో తేదీతో సహా కనిపిస్తుంది. చాలామంది ఫోన్లలో అక్కడ ఏడాది కిందటి తేదీ ఉంటుంది. గూగుల్ ఖాతాలో ఉచితంగా ఇచ్చే 15 జీబీ నిండిపోయి బ్యాకప్ ఎప్పుడో ఆగిపోయి ఉంటుంది. వీడియోలు వదిలేసి బ్యాకప్ తీస్తే సాధారణంగా ఆ చోటు సరిపోతుంది. బ్యాకప్‌కు పాస్‌వర్డ్ పెట్టుకున్నవాళ్లు అది మర్చిపోతే వాట్సాప్ కూడా తెరిపించలేదు.

యూపీఐ ఖాతాలో డబ్బుకేమీ కాదు, అది బ్యాంకులో ఉంటుంది. కానీ ఫోన్‌పే, గూగుల్ పే మళ్లీ నమోదు చేసుకోవాలి. అందుకు బ్యాంకుకు ఇచ్చిన నంబర్ సిమ్ అదే ఫోన్‌లో ఉండాలి, దాన్నుంచి ఎస్‌ఎంఎస్ వెళ్లాలి. రీచార్జ్ అయిపోయిన సిమ్ అయితే అక్కడే ఆగిపోతుంది. మళ్లీ నమోదయ్యాక తొలి 24 గంటలు పంపగలిగే మొత్తంపై తక్కువ పరిమితి ఉండవచ్చు. ఇంటద్దె కట్టే రోజో, ఆసుపత్రికి వెళ్లే రోజో రీసెట్ పెట్టుకోకూడదనడానికి ఇదే కారణం.

అన్నిటికన్నా ఎక్కువమంది చిక్కుకునేది గూగుల్ ఖాతా దగ్గర. రికవరీ మెనూ నుంచి రీసెట్ చేసిన ఆండ్రాయిడ్ ఫోన్, అంతకుముందు అందులో ఉన్న జీమెయిల్, పాస్‌వర్డ్ ఇస్తేగానీ తెరుచుకోదు. 2015లో ఆండ్రాయిడ్ 5.1తో వచ్చిన ఈ రక్షణ దొంగల కోసం పెట్టింది. ఆచరణలో మాత్రం అమ్మానాన్నల ఫోన్లలో ఇది పెద్ద తలనొప్పి. కొన్న రోజు షాపులో కుర్రాడు ఏదో ఓ జీమెయిల్ సృష్టించి ఇచ్చి ఉంటాడు. పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండదు. ఐఫోన్‌లో యాపిల్ ఖాతాతోనూ ఇదే పరిస్థితి. ఊళ్లో పెద్దవాళ్ల ఫోన్ బాగా పనిచేస్తున్నప్పుడే సెట్టింగ్స్‌లో ఏ ఖాతా ఉందో చూసి, పాస్‌వర్డ్ మార్చి, కాగితం మీద రాసి బీరువాలో పెట్టడం ఓ పండుగ సెలవులో చేయదగిన పని.

పాతదానికి వెళ్లిపోవచ్చా?

సాధారణ వినియోగదారుడికి జవాబు ‘కుదరదు’ అనే. కొత్త వెర్షన్ వచ్చిన కొద్ది రోజులకే పాతదాన్ని ఆమోదించడం యాపిల్ ఆపేస్తుంది. ఆండ్రాయిడ్ కంపెనీలు కూడా పాత లోపాల ద్వారా హ్యాకర్లు చొరబడకుండా వెనక్కి వెళ్లే దారి మూసేస్తున్నాయి. బూట్‌లోడర్ తెరిచి ప్రయత్నిస్తే డేటా ఎలాగూ పోతుంది, ఆ తర్వాత బ్యాంకు యాప్‌లు ఆ ఫోన్‌ను నమ్మవు.

కాబట్టి నిర్ణయం అప్‌డేట్‌కు ముందే తీసుకోవాలి. ఆండ్రాయిడ్ 15 నుంచి 16కు మారడం వంటి పెద్ద అప్‌డేట్లను రెండు మూడు వారాలు వాయిదా వేయడంలో తప్పులేదు. ఇతరుల అనుభవం చూసి ముందుకెళ్లవచ్చు. నెలనెలా వచ్చే భద్రతా ప్యాచ్‌ల సంగతి వేరు. ఆండ్రాయిడ్, ఐఓఎస్ లోపాలపై కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ తరచూ హెచ్చరికలు జారీ చేస్తుంది. డబ్బు లావాదేవీలు నడిచే ఫోన్‌లో వాటిని వదిలేయడం తలుపు తీసి పడుకోవడం లాంటిది.

హార్డ్‌వేర్ పోతే ఖర్చు ఎవరిది?

అప్‌డేట్ అయిన మర్నాడే తెర మీద నిలువునా పచ్చ గీత. గత కొన్నేళ్లుగా భారత్‌లో ఇది పరిచయమైన దృశ్యం. అమోలెడ్ తెరలున్న ఫోన్లలో, వారంటీ ముగిశాక వచ్చిన సందర్భాలే ఎక్కువ. గీత తెరలోని భౌతిక లోపం. ఏ రీసెట్‌తోనూ, ఏ యాప్‌తోనూ పోదు. 2024లో వన్‌ప్లస్ ఈ సమస్య వచ్చిన తమ ఫోన్లకు భారత్‌లో జీవితకాలం ఉచితంగా తెర మారుస్తామని ప్రకటించింది. శాంసంగ్ కూడా కొన్ని గెలాక్సీ ఎస్ సిరీస్ మోడళ్లకు షరతులతో ఒకసారి ఉచిత మార్పిడి ఇచ్చింది. ఈ అవకాశాల గురించి తెలియక వేలకు వేలు పోసి తెర మార్చుకున్నవాళ్లు తక్కువేమీ కాదు. డబ్బు కట్టేముందు ‘ఈ మోడల్‌కు ఉచిత పథకం ఏదైనా ఉందా’ అని అడగాలి.

బ్యాటరీ విషయంలో కంపెనీల చరిత్ర ఇంకా ఘాటైనది. 2017 జనవరిలో వచ్చిన ఐఓఎస్ 10.2.1, బ్యాటరీ క్షీణించిన ఐఫోన్ 6, 6ఎస్ వంటి ఫోన్ల వేగాన్ని తగ్గించింది. ఫోన్లు హఠాత్తుగా ఆరిపోకుండా అలా చేశామని యాపిల్ ఒప్పుకున్నది డిసెంబర్‌లో, వినియోగదారులు లెక్కలతో పట్టుకున్నాకే. క్షమాపణ చెప్పి, భారత్‌లో రూ.6,500 ఉన్న బ్యాటరీ మార్పిడిని రూ.2,000కు తగ్గించింది. ఇటలీ, ఫ్రాన్స్ జరిమానాలు వేశాయి. ‘అప్‌డేట్ చేస్తే ఫోన్ నెమ్మదిస్తుంది, కొత్తది కొనిపించే కుట్ర’ అన్న అనుమానానికి ఆ ఏడాదే బలం చేకూరింది. ఐఫోన్ సెట్టింగ్స్‌లో కనిపించే ‘బ్యాటరీ హెల్త్’ ఆ గొడవ ఫలితమే. అది 80 శాతం కన్నా తగ్గి ఉంటే నెమ్మదితనానికి మందు రీసెట్ కాదు, కొత్త బ్యాటరీ.

2025 జులైలో గూగుల్ ఇలాంటి పనే, ఈసారి ముందే చెప్పి చేసింది. 400 చార్జింగ్ చక్రాలు దాటిన పిక్సెల్ 6ఏ ఫోన్లలో వేడెక్కే ప్రమాదం తగ్గించడానికి బ్యాటరీ సామర్థ్యాన్ని కుదించే అప్‌డేట్ తప్పనిసరి చేసింది. బదులుగా ఉచిత బ్యాటరీ మార్పిడి ప్రకటించిన దేశాల్లో భారత్ ఉంది.

సర్వీస్ సెంటర్‌కు వెళ్లేటప్పుడు

సర్వీస్ సెంటర్ నంబర్ కోసం గూగుల్‌లో వెతికి, పైన కనిపించిన దానికి ఫోన్ చేయడం ప్రమాదకరం. కస్టమర్ కేర్ పేరుతో నకిలీ నంబర్లు పెట్టి, ఎనీడెస్క్ వంటి యాప్ ఎక్కించమని చెప్పి ఖాతా ఖాళీ చేసే ముఠాలున్నాయి. ఈ తరహా మోసంపై రిజర్వ్ బ్యాంక్ 2019లోనే బ్యాంకులను హెచ్చరించింది. కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఉన్న నంబరే వాడాలి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. వాట్సాప్‌లో ఏపీకే ఫైలుగా వచ్చే ‘అప్‌డేట్’ ఏదీ అసలైనది కాదు.

కౌంటర్ దగ్గర సమస్య ఎప్పుడు, ఏ వెర్షన్‌కు అప్‌డేట్ చేశాక మొదలైందో జాబ్ షీట్‌లో రాయించాలి. ‘డేటా చెరపకుండా సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించడం సాధ్యమా’ అని అడగాలి. సాధ్యం కాదంటే అదీ రాయించాలి. ‘డేటా పోతే మాది బాధ్యత కాదు’ అన్న వాక్యం కింద సంతకం అడుగుతారు, సాధారణంగా తప్పదు. ఫోన్ నీళ్లలో పడినట్టో, కింద పడినట్టో జాబ్ షీట్‌లో రాసి ఉంటే మాత్రం నిజం కాకపోతే ఒప్పుకోకూడదు. ఉచిత రిపేరు నిరాకరించడానికి తర్వాత అదే ఆధారం అవుతుంది. ఇచ్చేముందు నాలుగు వైపులా ఫొటోలు తీసుకోవాలి.

కంపెనీ చేతులెత్తేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. తెలుగులోనూ మాట్లాడవచ్చు. అక్కడ ఫిర్యాదు నమోదైతే దాన్ని కంపెనీకి పంపి సమాధానం రాబడతారు. ఖర్చు లేదు, చాలా కేసులు ఇక్కడే తెగుతాయి. తెగకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. 2019 చట్టం వచ్చాక ఫోన్ ఎక్కడ కొన్నా, కంపెనీ ఏ నగరంలో ఉన్నా, ఫిర్యాదీ తాను నివసించే జిల్లాలోనే కేసు వేసుకోవచ్చు. రూ.5 లక్షల లోపు విలువైన కేసుకు రుసుము లేదు. న్యాయవాది లేకుండా స్వయంగా వాదించుకోవచ్చు, ఆన్‌లైన్‌లో దాఖలు చేయవచ్చు. బిల్లు, జాబ్ షీట్, కంపెనీతో నడిచిన ఈమెయిళ్లు, అప్‌డేట్ తేదీ కనిపించే స్క్రీన్‌షాట్ ఉంటే చాలు. గడువు రెండేళ్లు. దాన్ని ఫోన్ కొన్న రోజు నుంచి కాదు, ఫిర్యాదుకు కారణం తలెత్తిన రోజు నుంచి లెక్కిస్తారు.